గోడ మీద జేజి చెయ్యి

మా ఊరి ఇంట్లో సాయంత్రం అయిదు దాటాక పడమటి వాకిలి నుంచి ఎండ ఏటవాలుగా లోపలికి పడేది. పగలంతా ఉత్త తెల్లగోడలా కనిపించే పడసాల గోడ అప్పుడు మేలుకునేది. గోడ నిండా వంపులు. జానెడు వెడల్పున, చేప పొలుసుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉండేవి. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో వంపులో నాలుగు సన్నటి గీతలు, కింద అరచేయి మడమ ఒత్తుకున్న చిన్న పల్లం. ఎండ తగ్గేకొద్దీ గీతల్లో నీడ చిక్కబడేది. దీపం పెట్టే వేళకు అన్నీ మాయమై మళ్ళీ ఉత్త గోడ.

ఆ వంపులు మా జేజివి, అంటే నాయనమ్మవి. జేజిది ఎడమచేతి వాటం. అందుకని ఆమె మెత్తిన గోడల్లో వంపులన్నీ ఎడమకు తిరిగి ఉండేవి. అమ్మ మెత్తిన చోట కుడికి. పడసాల గోడ మీద వాకిలి నుంచి గూటి దాకా జేజి పని, గూటి నుంచి వంటింటి గడప దాకా అమ్మ పని. ఇద్దరి వంపులూ ఎదురెదురుగా వచ్చి కలిసే చోటు ఒకటుండేది. చిన్నప్పుడు ఆ గీత మీద నేను వేలు పెట్టి పై నుంచి కింది దాకా లాగేదాన్ని. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ గరుకు వేలికొసన తగులుతుంది.

మాది కడప జిల్లా, జమ్మలమడుగు దగ్గర పల్లె. మిద్దె ఇల్లు. మూరన్నర మందం రాతి గోడలు, రాళ్ళ మధ్యలో అతుకు మట్టే. పైన దూలాలు, దంతెలు, వాటి మీద చౌడు మట్టి. నడిమింట్లో గవాచి, అంటే కప్పులో వెలుతురు కంత, అందులోంచి గుండ్రటి వెలుగు నేల మీద నడుస్తూ పోయేది. బయటి గోడల రాయి రాయిలాగే కనపడేది. లోపల మాత్రం మట్టి మెత్తి, పేడతో అలికి, సున్నం కొట్టేవాళ్ళు. మొత్తం గోడ ప్రతి ఏడూ మెత్తేవాళ్ళు కాదు. పెళ్ళ ఊడిన చోట, ఎలుక తవ్విన చోట అతుకు వేసేవాళ్ళు. అలుకు, సున్నం మాత్రం ప్రతి ఉగాదికీ ఉండాల్సిందే. మా వైపు ఉగాది అంటే పచ్చడి కంటే ముందు సున్నమే.

మాఘమాసం పోగానే జేజి మట్టి మాట ఎత్తేది. మా చేలన్నీ నల్లరేగడి. గోడకు అది పనికిరాదు, ఆరేటప్పుడు ముడుచుకుపోయి పెళ్ళలు పెళ్ళలుగా బీటలిస్తుంది. కొండ కింది నుంచి ఎర్రమట్టి బండికి తోలించేవాళ్ళు. మా వైపు కొండల్ని ఎర్రమలలు అనడం ఊరికే కాదు, ఆ మట్టి తడిస్తే కుంకుమ తడిసినట్టే ఉండేది. దాన్ని వాకిట్లో కుప్ప పోసి, నడుమ గుంట చేసి, నీళ్ళు పోసి రెండు రాత్రులు నానబెట్టేది. మూడోరోజు తొక్కుడు. పిల్లలమంతా లంగాలు, నిక్కర్లు పైకి చెక్కుకుని దిగేవాళ్ళం. మడమల కింద ఉండలు చితికి చితికి చివరికి కాలు వెన్నలోకి దిగినట్టు దిగేది. అప్పుడు వడ్ల పొట్టు చల్లేది, పేడ వేసేది, మళ్ళీ తొక్కుడు. మట్టి ముడుచుకునేటప్పుడు పొట్టు దాన్ని పట్టి ఆపుతుంది. పేడ జిగట ఇస్తుంది. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. జేజి కారణాలు చెప్పేది కాదు, పాళ్ళు చెప్పేది.

పాకం కుదిరిందో లేదో చూసే పద్ధతి మాత్రం బాగా గుర్తు. గుప్పెడు మట్టి తీసుకుని రెండు అరచేతుల మధ్య పాములా పేనేది. దాన్ని చూపుడు వేలికి చుట్టేది. విరిగితే బంక చాలలేదు. విరక్కుండా చుట్టుకుని, చేతికి మాత్రం జిడ్డులా అంటుకుంటే బంక ఎక్కువైంది, ఇంకొంచెం ఇసుక వెయ్యాలి. చుట్టుకోవాలి, చేతిని వదలాలి. "ఆ, ఇప్పుడు మాట వింటాది" అనేది.

గోడను ముందు బాగా తడిపేది. ఎండిన గోడ మీద తడి మట్టి వేస్తే నీళ్ళన్నీ గోడ తాగేస్తుంది, మెత్తు నిలవదు. తర్వాత ముద్ద. నేను దాన్ని జాగ్రత్తగా గోడకు ఆనించబోతే కసిరేది.

"మ్మేయ్, పెట్టొద్దు, కొట్టు. పెడితే లోపల గాలి నిలబడి ఊడొస్తాది."

గోడకేసి ఠాప్పున కొట్టి, అది జారేలోపు అరచేత్తో పైకి ఒక లాగుడు. మడమతో ఒత్తు, వేళ్ళతో సాగు. మళ్ళీ ముద్ద, మళ్ళీ లాగుడు. అందంగా ఉండాలని ఆ వంపులు ఎవరూ పెట్టలేదు. చెయ్యి ఆడే తీరే అది. భుజం కీలు చుట్టూ చెయ్యి ఎంత తిరుగుతుందో అంత వంపు. జేజి పొట్టి మనిషి కాబట్టి ఆమె వంపులు చిన్నవి. ఎత్తు పీట ఎక్కి మెత్తిన చోట ఇంకా చిన్నవి, ఎందుకంటే అక్కడ రెండో చేత్తో దంతె పట్టుకునేది.

మెత్తు ఆరాక పేడ, జల్లెడ పట్టిన ఎర్రమట్టి కలిపి గుడ్డతో పలుచటి అలుకు. సన్న బీటలుంటే అందులో పూడిపోయేవి. అదీ ఆరాక సున్నం.

సున్నపురాయికి మా జిల్లాలో కరువు లేదు. బట్టీలో కాల్చిన ముక్కలు గంపలో పెట్టుకుని అమ్మొచ్చేవాళ్ళు. ఆ ముక్క చేతిలోకి తీసుకుంటే రాయంత ఉండి రాయి బరువు ఉండదు. 10 కిలోల మంచి సున్నపురాయి కాలిస్తే మిగిలేది ఐదున్నర కిలోల చిల్లరే, తక్కినదంతా బొగ్గుపులుసు గాలిగా బట్టీలోంచి పోతుంది. జేజి వాటిని పెద్ద కాగులో వేసి నీళ్ళు పోసేది. ఒక నిమిషం ఏమీ ఉండదు. తర్వాత కాగు లోపలి నుంచి ఉరిమినట్టు చప్పుడు, ఆవిరి, కుతకుత ఉడుకు. పొయ్యి లేకుండా ఉడికే ఆ కాగు మాకు పెద్ద వింత. దగ్గరికి వస్తే కాళ్ళు విరగ్గొడతానని ఆమె బెదిరింపు, ఎందుకంటే ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. చల్లారాక గుడ్డలో వడగట్టి, గంజి, చిటికెడు ఉప్పు, నానబెట్టిన తుమ్మబంక కలిపేది. లేకపోతే గోడకు ఆనుకున్న వాళ్ళ వీపంతా తెల్లగా అంటుతుంది. ఆఖర్న నీలిమందు నాలుగు చుక్కలు. కుంచె కూడా ఇంట్లోదే. ఈతమట్టను నానేసి, చివర రోకలితో చితక్కొట్టి, పీచు విడదీసేది. కొన్న కుంచె సున్నాన్ని పూస్తుంది, ఈతకుంచె గోడలోకి రుద్దుతుంది అనేది మా అమ్మ. అది నిజమే.

సున్నం తడిమీద బూడిదరంగులో, మురికిగా కనిపించేది. ఇదేం తెలుపని నాకు దిగులేసేది. తెల్లారి లేచి చూస్తే కళ్ళు జిగేల్‌మనేవి. కింద మోకాలెత్తున ఎర్రజాజు పట్టె. జాజు పట్టె మీద సున్నంతో సన్న ముగ్గు గీత. గూటి చుట్టూ కూడా జాజే. ఆ గూట్లో దీపం మసి మాత్రం ఎన్ని ఉగాదులొచ్చినా తుడవనిచ్చేది కాదు. దానికీ కారణం చెప్పలేదు.

వంటింటి తలుపు పక్క గోడకు మటుకు రెండు జానల మేర సున్నం మానేసేవాళ్ళు. అది జేజి పద్దు పుస్తకం. చదువు రాదు. పాలు పోసినవాళ్ళ లెక్క బొగ్గు గీతలు, ఇచ్చిన బదులు గింజల లెక్క సున్నపు బొట్లు. ఎవరి వరస ఏదో ఆమెకే తెలుసు. లెక్క తీరాక ఆ వరస మీద పేడచేయి రుద్దేది, అయిపోయింది.

ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేవాళ్ళం. మా ఎండలు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ గోడ మటుకు కుండలా చల్లగా ఉండేది. వాన మొదలైతే లోపల కూర్చునే వాన వాసన పీల్చుకోవచ్చు. ఒకసారి గండికోటకు అందరం బండి కట్టుకుని వెళ్ళినప్పుడు, అక్కడి మసీదు గోడ మీద మిగిలిన పాత గచ్చును జేజి ఎడమచేత్తో నిమిరి చాలాసేపు నిలబడింది. మేం పెన్నా లోయ చూద్దాం రమ్మని లాగుతున్నా కదల్లేదు. "ఎన్ని చేతులు పడింటాయో" అని మాత్రం అంది.

1994లో నాయన ఇంటికి సిమెంటు పూత వేయించాడు. ఊళ్ళో ఒక్కొక్కరే వేయిస్తున్నారు. మట్టిగోడ అంటే లేనితనం అన్న మాట బాగా నాటుకుపోయిన రోజులు. నాయన్ని తప్పు పట్టలేను, ఏడాదికోసారి ఆ చాకిరీ అంతా చేసేది ఆడవాళ్ళే కదా, అది తప్పించాలనే ఆయన ఉద్దేశం. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. నున్నటి గోడలు చూసి నేనే ఎక్కువ సంబరపడ్డాను. స్నేహితులను పిలుచుకొచ్చి చూపించాను. ఆయిల్ పెయింట్ కూడా వేశారు, లేత ఆకుపచ్చ. జేజి పడసాలలోకి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టింది. "నున్నంగుంది" అంది. తర్వాత రెండు మూడు రోజులు ఆమె వేళకాని వేళ వాకిట్లోనే కూర్చోవడం గుర్తుంది.

రెండో వానాకాలానికి గోడ కింది భాగం ఉబ్బింది. నేలలోంచి మట్టిగోడలోకి చెమ్మ ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది. మునుపు అది సున్నం గుండా, అలుకు గుండా ఎప్పటికప్పుడు ఆరిపోయేది. ఇప్పుడు సిమెంటు, ఆ పైన ఆయిల్ పెయింట్ దారి మూసేశాయి. చెమ్మ లోపలే ఉండి మట్టిని మెత్తబరిచింది. పెయింట్ కింద తెల్లటి ఉప్పు పూసింది, గోరుతో గీకితే పొడి రాలేది. నాలుగేళ్ళకు పడసాలలో చాపంత పెళ్ళ ఒకటి రాత్రిపూట ఊడి పడింది. ఆ శబ్దానికి అందరం లేచాం.

పొద్దున్నే నాయన, నేను ఆ ముక్కలు ఎత్తిపోస్తున్నాం. ఒక పెళ్ళ బోర్లా పడి ఉంది. దాని వీపు మీద వంపులున్నాయి. జేజి వంపులు. మట్టిలో గీతలు పల్లంగా ఉండేవి కదా, సిమెంటు ఆ పల్లాల్లోకి దిగి గట్టిపడింది కాబట్టి ఇక్కడ ఉబ్బెత్తుగా ఉన్నాయి, నాలుగు వేళ్ళు నాలుగు నరాల్లా. అరచేతి మడమ ఒక చిన్న బుడిపెలా. ఆ నున్నటి గోడ వెనక నాలుగేళ్ళూ అవి అట్లాగే ఉన్నాయి. అప్పటికి జేజి పోయి ఏడాది. నాయన ఆ ముక్క పట్టుకుని కూర్చుండిపోయాడు. తర్వాత దాన్ని పారేసే కుప్పలో వేయకుండా గూట్లో పెట్టాడు. పెళ్ళయి నేను హైదరాబాద్ వచ్చేటప్పుడు పాత లంగా గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను.

హైదరాబాద్‌లో మాది నాలుగో అంతస్తులో అపార్ట్‌మెంట్. పుట్టీ, ప్రైమర్, ఎమల్షన్. గోడలు కాగితాల్లా ఉంటాయి. కొన్నేళ్ళ క్రితం హాల్లో ఒక్క గోడకైనా మా ఊరి గోడ పోలిక తెచ్చుకోవాలనిపించి టెక్స్చర్ పెయింట్ వేయించాను. కేటలాగ్‌లో మట్టిరంగు, చేత్తో అలికినట్టే వంపులు. పనిచేసిన పిల్లలు ఒక్కరోజులో ముగించారు, మంచి పనివాళ్ళే. సాయంత్రం లైటు వేసి చూశాను. ఒకే వంపు. అడుగు అడుగుకూ అదే వంపు, అదే లోతు. రోలర్ మీద చెక్కిన అచ్చు గోడంతా దొర్లింది. భుజం నొప్పెట్టి చిన్నదైన వంపు లేదు, పీట మీద నిలబడి తడబడిన వంపు లేదు. డబ్బులు పోయాయనే బాధ కంటే, ఎవరిదో ఫోటో తెచ్చి మా జేజి అని చెప్పినట్టు అనిపించింది నాకు. ఆ వానాకాలంలోనే ఆ గోడ ఒక మూల బుడగలు పోసింది. గోడ అవతల బాత్రూం ఉంది, పైపు కారుతోంది.

అప్పుడు వెతగ్గా వెతగ్గా దొరికాడు పాలమూరు వైపు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతులు 2013లో మొదలైనప్పుడు అక్కడ సున్నం పనికి వెళ్ళాడట. వెనకటి రోజుల్లో ఆ సమాధులకు పూసిన సిమెంటును ఒలిచేసి మళ్ళీ సున్నమే పూసిన పని అది. 1591లో కట్టిన చార్మినార్ మీది పూలూ లతలూ అన్నీ సున్నపు గచ్చే అని చెప్పేటప్పుడు ఆయన గొంతులో సొంత ఇంటి సంగతి చెప్పే ధీమా ఉండేది.

గోడ చూసి ఆయన అన్న మొదటి మాట, "ముందు నీళ్ళ సంగతి చూడున్రి అమ్మా. సున్నం చెమ్మను ఓర్సుకుంటది గనీ, పైపు కారుతుంటే అదేం జేస్తది?"

పైపు బాగుచేయించాం. నెల్లాళ్ళు గోడ ఆరనిచ్చాం. తర్వాత నేను గుడ్డ విప్పి సిమెంటు ముక్క చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, ఆ ఉబ్బు గీతల మీద తన వేళ్ళు ఆనించి చూసుకున్నాడు. ఎడమచేయి కుదరలేదు. కుడిచేయి కుదిరింది, అచ్చులో చెయ్యి తిరగబడుతుంది కదా.

"పుర్రచేతి మనిషా?"

నాకు వెంటనే మాట రాలేదు.

పెయింట్, పుట్టీ అంతా గీకించి, కింది సిమెంటుకు ఉలితో గాట్లు పెట్టించాడు, పట్టు ఉండాలి కదా. సున్నం ఆయనే డ్రమ్ముల్లో నానబెట్టి తెచ్చాడు, కత్తితో కోస్తే గడ్డపెరుగులా ఉంది. ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు జల్లించిన ఇసుక. అందులో దంచి నానబెట్టిన కరక్కాయల నీళ్ళు, బెల్లం నీళ్ళు. సున్నం తాపీ కింద సాగాలంటే అవి ఉండాలన్నాడు. ఇల్లంతా వగరు వాసన, ఆ అడుగున పచ్చి మట్టి లాంటి ఇంకో వాసన. గోడను తడిపి మొదటి పూత వేశాడు, వేయడం కాదు, తాపీతో విసిరికొట్టాడు. నేను పక్కనుంచి "పెట్టొద్దు, కొట్టు" అన్నాను. నవ్వాడు. "మీకు ఎవరో మంచిగ నేర్పిన్రు."

10 అడుగుల గోడకు మూడు వారాలు పట్టింది. తొందరేం లేదు, దాని లెక్క దానిది. సున్నం ఎండితే గట్టిపడేది కాదు. బట్టీలో పోయిన బొగ్గుపులుసును గాలిలోంచి మెల్లగా తిరిగి తీసుకుంటూ మళ్ళీ రాయవుతుంది. ఆ పని జరగాలంటే చెమ్మ ఉండాలి, గాలీ ఆడాలి. ఎండిపోతే పొడిపొడి అవుతుంది. అందుకే ఫ్యాన్ వేయొద్దన్నాడు, కిటికీకి తడి గోనెపట్టా కట్టించాడు.

ఆఖరి సన్నపూత వేసిన రోజు మా అమ్మను ఊరి నుంచి పిలిపించాను. మేస్త్రి పూత సాపు చేసి పక్కకు జరిగాడు. "గా పెద్దమ్మ చెయ్యి నేను ఎయ్యలేనమ్మా. మీ చేతులు మీరు ఎయ్యిన్రి" అన్నాడు. సున్నం తోలు తింటుంది కాబట్టి ఇద్దరికీ రబ్బరు తొడుగులు ఇచ్చాడు. అమ్మకు డెబ్బై దాటాయి. మొదటి వంపు లాగి తొడుగు వైపు చిరాగ్గా చూసుకుంది. రెండోది కుదిరింది. మూడోదానికి ఆమె భుజానికి పాత దారి గుర్తొచ్చింది, నేను చూస్తుండగానే. ఆమె కిటికీ వైపు నుంచి, నేను తలుపు వైపు నుంచి. ఇద్దరివీ కుడి వంపులే. నావి లోతు ఎక్కువ, కుదురు తక్కువ. కలిసిన చోట అమ్మ ఆగి, ఎడమచేత్తో నాలుగు వంపులు లాగింది. అవి వంకర పోయాయి. సరిచేద్దామా అని మేస్త్రి అడిగితే వద్దంది.

గోడ మీద గూడు కావాలంది అమ్మ. నాలుగించీల గోడ, గూడు ఎక్కడ తొలుస్తాం. చిన్న చెక్కపీట కొట్టించి, దాని మీద జేజి ముక్కను నిలబెట్టాం.

ఏడు రోజులు గోడకు నీళ్ళు చల్లే పని అమ్మ తీసుకుంది. నేను కొన్న స్ప్రే బాటిల్ పక్కన పెట్టి, చెంబులో నీళ్ళు తీసుకుని వేళ్ళతో చిలకరించేది. రాత్రి రెండింటికి హాల్లో అలికిడైతే లేచి చూశాను. చీకట్లో అరచేయి గోడకు ఆనించి నిలబడి ఉంది, తడి ఉందో లేదో చూస్తోంది.

ఎనిమిదో రోజు ముగ్గుల సామాన్లు అమ్మే బండి దగ్గర జాజు దొరికింది. అమ్మ నేల మీద గొంతుక్కూర్చుని మోకాలెత్తున పట్టె వేసింది. సాయంత్రం ఎండ మా బాల్కనీ నుంచి ఆ గోడ మీదికి రాదు, ఎదుటి బ్లాక్ అడ్డం. అమ్మ నన్ను హాల్లో లైటు ఆర్పేసి, టేబుల్ లైటు తెచ్చి కింద పక్కగా పెట్టమంది. పెట్టాను. గోడ మేలుకుంది.

ఇద్దరం చాలాసేపు కింద కూర్చున్నాం. కుంచె మగ్గులో వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ అమ్మ అడిగింది.

"మ్మేయ్, ఈసారి ఉగాది ఎప్పుడొచ్చిందో క్యాలెండర్లో సూడు."